హుండీ డబ్బా పట్టిన కాలేజీ పిల్లలు – ఒక పాత లెక్క

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు తీరిగ్గా చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాడినని మీకు తెలుసు. తెలుగు అక్షరాలు నాకు ముప్పై ఏళ్లు దాటాక సంఘం ఆదివారం తరగతిలో వచ్చినవి. తప్పులుంటే దిద్దండి, కోప్పడకండి.

పోయిన నెల కమిటీ మీటింగుకు ముగ్గురు పిల్లలు వచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. ముగ్గురూ మన తిరుచ్చిలోనే డిగ్రీ చదువుతున్నారు, ఎన్‌.ఎస్‌.ఎస్‌.లో ఉన్నారు. చూపులేని విద్యార్థులు నోటితో చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే పని చేస్తున్నారట. ఆ విద్యార్థులు పాఠాలు రికార్డు చేసుకుని వినడానికి చిన్న మిషన్లు కొనివ్వాలని వాళ్ల కోరిక. "సంఘం పేరుతో ఒక లెటరు ఇవ్వండి, ఒక హుండీ డబ్బా ఇవ్వండి, నాలుగు ఆదివారాలు వీధి వీధి తిరుగుతాం" అన్నారు.

ఒక పెద్దాయన, "మన ఇంటి పిల్లలు రోడ్డు మీద డబ్బా పట్టుకుని నిలబడటమా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు. ఇంకొకరు మెల్లగా, "ఇదివరకు ఒకసారి వసూలు చేసిన డబ్బుకే ఇంకా లెక్క రాలేదు. మళ్లీ ఏ మొహంతో అడుగుతాం?" అన్నారు. ఆ మాటతో అందరం తలలు దించుకున్నాం. నేనూ నోరు తెరవలేదు. ఆ పిల్ల లేచి, "సరే తాతా, మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ పిల్ల వయసులో నా చేతిలోనూ ఒక డబ్బా ఉండేది. ఆ కథ చెప్పాలి. దానికి ముందు మన పెద్దల కథ కొంచెం చెప్పాలి. ఎందుకంటే అడగడం అవమానమా అనే ప్రశ్న కొత్తది కాదు, లెక్క ఏదీ అనే ప్రశ్న అంతకన్నా కొత్తది కాదు.

అడగడం అవమానమా?

మదురై జంక్షన్‌లో దిగి బయటికి వస్తే ఎదురుగా మంగమ్మ సత్రం కనిపిస్తుంది. నేను డ్యూటీ మీద మదురై పోయినప్పుడల్లా దాన్ని చూసి ఒక నిమిషం నిలబడేవాడిని. 17వ శతాబ్దం చివర మన తిరుచ్చి నుంచీ మదురై నుంచీ రాజ్యం నడిపిన నాయకుల ఇంటి కోడలు రాణి మంగమ్మ. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. దక్షిణ దేశంలో ఇప్పటికీ మంగమ్మ బాట అని పేరున్న దారులు ఉన్నాయి. ఇది రాణి చేసిన ధర్మం. ఖజానాలో ఉంది, ఇచ్చింది. ఎవరినీ అడగవలసిన పని లేదు.

రెండో రకం ధర్మం మన తంజావూరు వైపు ఉంది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) ఉంఛవృత్తితో బ్రతికాడు. తంబూర పట్టుకుని, పాడుకుంటూ వీధిలో నడిచేవాడు. ఇంటివాళ్లు పిడికెడు బియ్యం చెంబులో పోసేవాళ్లు. ఆ రోజుకు అదే తిండి, శిష్యులకూ అదే. రాజు పిలిచినా పోలేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ వీధిలో చెంబు పట్టుకుని నడవడానికి ఆయన సిగ్గుపడలేదనే సంగతి మరిచిపోతాం. మార్గళి నెలలో తెల్లవారుజామున భజన గోష్ఠి వెంట చెంబు పట్టుకుని నడిచిన పిల్లలు మనలోనే ఎంతమంది లేరు! ఆ చెంబుకు లేని అవమానం ఈ డబ్బాకు ఎక్కడినుంచి వచ్చింది?

రాణి ధర్మంలో ఇచ్చేవాళ్లు ఒక్కరే. పిడికెడు బియ్యం ధర్మంలో వీధి అంతా ఇస్తుంది. కాలేజీ పిల్లల వసూలు ఈ రెండో రకానికి చెందినది.

టికెట్ అడిగిన పద్నాలుగేళ్ల పిల్ల

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. జూన్ 30 లోపల తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలి, కోటి మందిని సభ్యులుగా చేర్చాలి, 20 లక్షల రాట్నాలు ఆడాలి అని తీర్మానం చేశారు. మూడు నెలల గడువు! ఆ సమావేశానికి వచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు, అంటే వాలంటీర్లు. ఆ సంవత్సరం ఎంతోమంది విద్యార్థులు కాలేజీలు వదిలి వచ్చారు. ఊరూరా తిరిగి చందాలు వసూలు చేసినవాళ్లలో వాళ్లు ముందున్నారు. ఆ నిధి గడువులోపల కోటికి చేరింది.

అదే ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండేళ్లు కూడా నిండని ఒక పిల్ల ఒక కోరిక కోరింది. దేవదాసీలను, గోషాలో ఉన్న ముస్లిం స్త్రీలను గాంధీగారు కలవాలి అని. నిర్వాహకులు, అయిదు వేల రూపాయలు తెస్తే చూద్దాం అన్నారు. ఆ స్త్రీలు ఆ డబ్బు పోగు చేసి ఇచ్చారు. సభలో నగలు కూడా తీసి ఇచ్చారు. ఆ పిల్లే దుర్గాబాయి.

రెండేళ్ల తరువాత, 1923 డిసెంబరులో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ. దుర్గాబాయికి పద్నాలుగేళ్లు, వాలంటీరు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర నిలబెట్టి, టికెట్ లేనివాళ్లను లోపలికి వదలవద్దు అని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. పిల్ల దారి ఇవ్వలేదు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి పంపింది. ముప్పై ఏడేళ్లు రైల్వేలో పని చేసినవాడిని కాబట్టి ఈ కథ నాకు మహా ఇష్టం. పై ఆఫీసరుకూ టికెట్ కావాలి, పాసు కావాలి. మనిషి ఎంత పెద్దవాడైనా నియమం ఒకటే. స్వచ్ఛంద సేవ అంటే ఇష్టం వచ్చినట్టు చేయడం కాదని ఆ పిల్లకు పద్నాలుగేళ్లకే తెలిసింది. తరువాత ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. అదీ ఇల్లిల్లూ తిరిగి అడిగి నిలబెట్టిన సంస్థే.

ఇక లెక్క సంగతి. గాంధీగారు 1894లో దక్షిణాఫ్రికాలో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ మొదలుపెట్టారు. ఆ నేటాల్‌కు చెరుకు తోటల కూలికి పోయిన మన తమిళులూ తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. చందా వసూలు గురించి ఆయన ఆత్మకథలో రాశారు. టోంగాట్ అనే ఊళ్లో ఒక పెద్దమనిషి ఆరు పౌన్లు ఇస్తాడనుకుంటే మూడే ఇస్తానన్నాడు. వడ్డించిన భోజనం ముట్టకుండా రాత్రంతా కూర్చున్నారు. తెల్లవారేసరికి ఆయన ఆరు పౌన్లూ ఇచ్చి భోజనం పెట్టాడు. అడగడంలో ఆయనకు అంత పట్టుదల. రసీదు విషయంలో అంతకంటే ఎక్కువ. ఇచ్చినవాళ్లు రసీదు అక్కరలేదన్నా రసీదు ఇచ్చే తీరాలి, ప్రతి పైకీ లెక్క ఉండాలి అని ఆయన నియమం. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. మన కాలేజీ పిల్లలకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే.

ఎన్‌.ఎస్‌.ఎస్. ఎట్లా వచ్చింది?

స్వతంత్రం వచ్చాక విశ్వవిద్యాలయాల సంగతి చూడటానికి ప్రభుత్వం 1948లో ఒక కమిషన్ వేసింది. దానికి అధ్యక్షుడు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. మన తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినవాడు. విద్యార్థులు దేశ సేవ చేయాలి, అయితే అది ఇష్టపూర్వకంగా ఉండాలి అని ఆ కమిషన్ చెప్పింది.

పదేళ్లు గడిచాయి. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఈయన మన దుర్గాబాయి గారి భర్త. 1953లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ కమిటీ, ప్రతి విద్యార్థీ కాలేజీలో చేరే ముందు తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా తప్పనిసరిగా సేవ చేయాలి అంది. ఖర్చు చూసి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ తరువాత కె.జి. సయ్యిదైన్ గారు వేరే దేశాల్లో ఈ పని ఎట్లా జరుగుతోందో చూసి వచ్చి, బలవంతం వద్దు, ఇష్టం మీద పెట్టండి అన్నారు. 1964–66 కొఠారీ కమిషన్ కూడా చదువుతో పాటు సేవ ఉండాలని చెప్పింది. చివరికి గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు గారు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో నేషనల్ సర్వీస్ స్కీమ్ మొదలుపెట్టారు. అంటే ఒక చిన్న మాట నిర్ణయం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. బలవంతమా, ఇష్టమా? ఇష్టమే గెలిచింది.

ఎన్‌.ఎస్‌.ఎస్. బ్యాడ్జి మీద ఒక చక్రం ఉంటుంది. అది కోణార్క సూర్యదేవాలయం రథచక్రం. ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్లు ఎన్నోసార్లు చూసి ఉంటారు. దానికి ఎనిమిది ఆకులు. ఒక రోజులో 24 గంటలకు అవి గుర్తు అని చెబుతారు. మన అవ్వలు ఎనిమిది జాములు అనేవాళ్లు కదా, అదే లెక్క. ఎప్పుడు పిలిచినా సేవకు సిద్ధం అని అర్థం. విద్యార్థి సంవత్సరానికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి, ఒక ప్రత్యేక క్యాంపుకు పోవాలి. నాకు కాలేజీలో ఈ చక్రం బ్యాడ్జి ఇచ్చినప్పుడు దాని అర్థం తెలియదు. క్యాంపులో భోజనం బాగుంటుంది అని సీనియర్లు చెప్పారు, చేరాను. నిజం చెప్పాలి కదా.

1977, రెండు తుఫాన్లు, రెండు డబ్బాలు

1977లో నేను బి.కాం. రెండో సంవత్సరం. నవంబరు 12 తెల్లవారుజామున నాగపట్టణం దగ్గర తుఫాను తీరం దాటింది. వందలమంది పోయారు. మా తిరుచ్చిలో కురిసిన వానకు ఏర్లు పొంగి పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచాయి. మా ఎన్‌.ఎస్‌.ఎస్. మాస్టారు మమ్మల్ని పిలిచి, ముందు ముసలివాళ్లను ఇళ్ల నుంచి దాటించండి, తరువాత అన్నం పొట్లాలు కట్టండి అన్నారు. రెండు రోజులు అదే పని. మూడో రోజు నుంచి నాగపట్టణం వైపు పంపడానికి డబ్బులు, బియ్యం వసూలు. పాత పాల పొడి డబ్బాకు మూత అతికించి, మూతకు గంటు పెట్టి, పైన కాగితం అంటించాం.

వారం తిరగలేదు. నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన పడింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లు సముద్రం కిందికి పోయాయి. కోతకు వచ్చిన వరి, పశువులు, మనుషులు. పోయినవాళ్లు పది వేలు అని ప్రభుత్వం లెక్క చెప్పింది, ఇంకా ఎక్కువే అని అక్కడివాళ్లు చెప్పారు. పేపరులో ఆ ఫొటోలు చూసి మా అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఏమిరా, ఆడ మనవాండ్లు నీళ్లలో పొయినారంట. నువ్వు డబ్బా పట్టుకొని తిరుగుతా ఉండావు కదా, వాండ్లకు అడగవా?" అంది.

మరుసటి రోజు కాలేజీలో అడిగాను. నా పక్కన కూర్చునే స్నేహితుడే, "ఏమప్పా, నాగపట్టణానికి రెండు రూపాయలు వేసిన వీధిలోనే మళ్లీ పోయి మీ ఊరివాళ్లకు కావాలని అడుగుతావా? నాగపట్టణంలోనే ఇంకా పొయ్యి వెలగలేదు" అన్నాడు. వాడి అత్తవాళ్లది వేదారణ్యం వైపు. కోపంలో తప్పులేదు. నాకు మాత్రం ఆ "మీ ఊరివాళ్లు" అన్న మాట గుచ్చుకుంది. మేము ఆ దేశం వదిలి ఎన్ని తరాలైందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దివిసీమ ఎటుందో మ్యాపులో వెదికి చూసుకున్నాను. తిరుచ్చి నా ఊరు కాదా? అయినా అవ్వ "మనవాండ్లు" అన్నప్పుడు నా గొంతు కూడా పట్టేసింది. ఇది మనలాంటివాళ్లందరికీ తెలిసిన ఇబ్బందే. ఇంటి మాట ఒక దేశానిది, వీధి మాట ఒక దేశానిది.

మాస్టారు ఇద్దరి మాటా విన్నారు. ఆయన తమిళుడు. తీర్పు చెప్పలేదు. ఇంకొక డబ్బా తెప్పించారు. "రెండు డబ్బాలు, రెండు నోటుబుక్కులు. ఒక్కొక్క జట్టులో ఇద్దరు. నువ్వు నాగపట్టణం డబ్బా పట్టుకో, వాడు ఆంధ్రా డబ్బా పట్టుకుంటాడు. వేసేవాళ్లు ఎందులో వేయాలో వాళ్లిష్టం. దీనిది దానిలో, దానిది దీనిలో ఒక పైసా కలవకూడదు" అన్నారు.

అట్లాగే తిరిగాం. నా స్నేహితుడు తమిళంలో దివిసీమ గురించి అడుగుతున్నాడు, నేను నాగపట్టణం గురించి అడుగుతున్నాను. మొదటి వీధిలో ఇద్దరికీ మొహమాటం. రెండో వీధిలో ఒక మగ్గం ఇంటి ముసలావిడ రెండు డబ్బాలనూ చూసి, "ఇది ఏ సముద్రం? అది ఏ సముద్రం?" అని అడిగింది. మేము చెప్పేలోపే, "రెండూ ఒకటే సముద్రం కదా" అని దీనిలో ఒక పావలా, దానిలో ఒక పావలా వేసింది. ఆ తరువాత మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఆ రోజు చాలామంది రెండింటిలోనూ వేశారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. సాయంత్రం అలసిపోయాం. డబ్బాలో ఇంకా వేయని చిల్లర నా జేబులో ఉంది. ఆ చిల్లరతో ఇద్దరం టీ తాగాం. 60 పైసలు. రాత్రి మాస్టారు డబ్బాలు తెరిచి, నోటుబుక్కులో పెన్సిలుతో రాసిన మొత్తాలతో సరిచూశారు. నాగపట్టణం డబ్బాలో 60 పైసలు తక్కువ. ఆయన అరవలేదు. "ఏమైంది?" అన్నారు. చెప్పాను. "రాయి" అని పుస్తకం నా ముందుకు తోశారు. నా చేతితో రాయించారు: టీ ఖర్చు 60 పైసలు, కింద నా పేరు. మరుసటి రోజు ఆ 60 పైసలు తెచ్చి ఇచ్చాను. అదీ రాయించారు. డబ్బు పంపిన తరువాత కాలేజీ మీటింగులో మొత్తం లెక్క చదివి వినిపించారు. అందులో నా టీ కూడా ఉంది. కొందరు నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి.

ఆ అవమానం ఇన్నేళ్లకు ఎట్లా కనిపిస్తోందో చెబుతాను. ఆ మీటింగు తరువాత మా కాలేజీ పిల్లలు ఏ వీధిలో డబ్బా పట్టుకుపోయినా జనం వేశారు. టీ 60 పైసలు కూడా చదివి వినిపించేవాళ్లు మిగతా డబ్బు తింటారా అని వాళ్ల నమ్మకం.

కౌంటరు నేర్పిన పాఠం

కొన్నేళ్లకు నేను రైల్వేలో బుకింగు క్లర్కుగా చేరాను. కౌంటరులో కూర్చోబోయే ముందు జేబులో మన సొంత డబ్బు ఎంత ఉందో రిజిస్టరులో రాయాలి. డ్యూటీ దిగేటప్పుడు అమ్మిన టికెట్ల లెక్కా, డబ్బూ సరిపోవాలి. తక్కువ వస్తే మన జేబులోంచి కట్టాలి. ఎక్కువ వచ్చినా మన జేబులో వేసుకోకూడదు, అదీ రైల్వేకే కట్టాలి. తక్కువా తప్పే, ఎక్కువా తప్పే. కొత్తగా చేరినవాళ్లకు ఇది అవమానంగా ఉంటుంది, "మమ్మల్ని దొంగలనుకుంటున్నారా?" అంటారు. పదేళ్లు పోయాక తెలుస్తుంది, ఆ రిజిస్టరు మనల్ని కాపాడటానికే ఉంది అని. ఎవరైనా వేలెత్తి చూపితే మనకు సాక్షి అదే.

పార్సెల్ ఆఫీసులో ఇంకొక పాఠం. 2004 డిసెంబరు 26 సునామీ. నాగపట్టణం జిల్లా ఒక్కదానిలోనే ఆరు వేలమందికి పైగా పోయారు. నాలుగు దిక్కుల నుంచీ పాత బట్టల మూటలు వచ్చి పడ్డాయి. చిరిగినవి, ఉతకనివి, ఆ ఊరి ఆడవాళ్లు కట్టనివి. అవి నాగపట్టణం రోడ్ల పక్కన గుట్టలుగా పడి వానకు తడిశాయని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. పంపినవాళ్లలో కాలేజీ పిల్లలూ ఉన్నారు. మనసు మంచిదే. అక్కడ ఏం కావాలో ముందు అడగలేదు, అంతే. దానికి వేరుగా 2015 డిసెంబరు చెన్నై వరదల్లో పిల్లలు ఫోనులో ఏ వీధిలో ఏం కావాలో కనుక్కుని, అదే పట్టుకుని పోయారు. పాలు కావాలంటే పాలు, మందులు కావాలంటే మందులు. మా తరం కంటే ఈ తరానికి ఈ విషయంలో తెలివి ఎక్కువ అని ఒప్పుకోవాలి.

ఇక మన పిల్లల సంగతి

సేవ అంటే వసూలు ఒక్కటే కాదు. డబ్బు అడగడానికి మొహమాటపడే పిల్లలకు వేరే పనులు ఉన్నాయి. చూపులేనివాళ్లకు పరీక్ష రాయడం ఒకటి. మూడు గంటలు కూర్చోగలగాలి, వాళ్లు చెప్పినదే రాయాలి, మన తెలివి కలపకూడదు. రక్తదానం ఒకటి. 18 ఏళ్లు నిండి, 45 కిలోలు తగ్గకుండా ఉండి, ఆరోగ్యంగా ఉంటే మగపిల్లలు మూడు నెలలకొకసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. పెద్దాసుపత్రిలో పల్లెనుంచి వచ్చినవాళ్లకు ఏ గదికి పోవాలో చూపించడం, చీటీ చదివి చెప్పడం ఒకటి. మన ఆదివారం తరగతిలో చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం ఇంకొకటి. నాకు ముప్పై ఏళ్లు దాటాక వచ్చిన అక్షరాలు వాళ్లకు ఆరేళ్లకే రావాలి.

వసూలు చేసే పిల్లలకు, దానికి అనుమతి ఇవ్వవలసిన కమిటీకి ఒక పాత క్లర్కు మనవి:

1. డబ్బాకు తాళం, తాళం మీద సీలు. తాళం చెవి పిల్లల దగ్గర ఉండకూడదు. డబ్బా మీద దేనికి వసూలు చేస్తున్నామో పెద్ద అక్షరాల్లో తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి.

2. ఎప్పుడూ ఇద్దరు కలిసి పోవాలి. బయలుదేరే ముందు ఎవరి జేబులో ఎంత ఉందో రాసి సంతకం పెట్టాలి. టీకి, బస్సుకు సంఘం వేరుగా ఇవ్వాలి. ఆకలితో ఉన్న పిల్లవాడి చేతికి చిల్లర ఇచ్చి పరీక్ష పెట్టకూడదు.

3. ఫోనులో స్కాన్ చేసి వేసే డబ్బు సంఘం బ్యాంకు ఖాతాకే రావాలి, ఏ పిల్లవాడి సొంత ఖాతాకూ రాకూడదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మన బంధువులు పంపుతామంటే ముందు సెక్రటరీని అడగాలి. దానికి ఎఫ్‌.సి.ఆర్.ఎ. అనే చట్టం ఉంది, అందులో రిజిస్టరు కాని సంఘం ఆ డబ్బు తీసుకోకూడదు.

4. రైలులోనూ ప్లాట్‌ఫారం మీదా అనుమతి లేకుండా డబ్బా పట్టుకుని తిరగకండి. 1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ యాచనను నిషేధించింది. పట్టుకుంటే నన్ను పిలవకండి, నేను రిటైరయ్యాను.

5. కొనే ముందు, తీసుకునేవాళ్లను అడగండి. ఆ చూపులేని విద్యార్థులకు రికార్డరే కావాలో, వేరే ఏదైనా కావాలో వాళ్ల నోటితో వినండి.

6. చివరి ఆదివారం అయ్యాక వారం లోపల లెక్క ఈ పేజీలోనే పెట్టాలి. ఇంత వచ్చింది, ఇంత ఖర్చు, ఇంత మిగిలింది. టీ ఖర్చుతో సహా.

ఇంకొక మాట, ఇది కమిటీకి. ఇదివరకు వసూలు చేసిన డబ్బు లెక్క రాలేదని మనలో ఒకరన్నారు. అది నిజం. ఆ కమిటీలో నేనూ సభ్యుడినే. ఎవరో తిన్నారని నేను అనడం లేదు. తిన్నారో లేదో చెప్పలేని స్థితిలో మనం ఉన్నాం, ఆ స్థితికి నా సోమరితనం కూడా కారణం. దొరికిన రసీదులు, బ్యాంకు పుస్తకం తీసుకుని నేను కూర్చుంటాను. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని రాసి ముందు అది ఈ పేజీలో పెడదాం. మన తప్పుకు పిల్లల చేతిలోని డబ్బా లాక్కోవడం న్యాయం కాదు. పెద్దలు లెక్క చెప్పకపోతే పిల్లలకు లెక్క ఎవరు నేర్పుతారు?

సోలాపూరు వైపు ఉన్న మనవాళ్లకు 1993 లాతూరు భూకంపం, యానాం వాళ్లకు 1996 నవంబరు తుఫాను, బరంపురం వాళ్లకు 1999 ఒడిశా తుఫాను గుర్తుండే ఉంటాయి. అప్పుడు మీ ఊళ్లో కాలేజీ పిల్లలు ఏం చేశారో, మీరే ఆ పిల్లలైతే మీరేం చేశారో రాయండి. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. మనం రాయకపోతే మనతోనే పోతాయి.

నా స్నేహితుడు, ఆంధ్రా డబ్బా పట్టుకున్నవాడు, ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్లూ నన్ను చూస్తే "అరవై పైసా" అని పిలిచేవాడు. నా పిల్లల పెళ్లిళ్లలో కూడా అట్లాగే పిలిచాడు. అదేమిటని నా భార్య అడిగితే ఇద్దరం నవ్వేవాళ్లం.

ఆ ముగ్గురు పిల్లలకు: అమ్మా, నాయనా, వచ్చే మీటింగుకు మళ్లీ రండి. లెటరుకు నేను ప్రతిపాదన పెడతాను. నాలుగు ఆదివారాలూ సాయంత్రం డబ్బా తెరిచేటప్పుడు నేను వచ్చి పక్కన కూర్చుంటాను. టీ ఖర్చు నాది.